అలసిన నాటక విమర్శకుడు: విశాఖలో పుట్టదగిన ఒక హాస్య నవల

నాటక విమర్శకుడు నవలకు నాయకుడు కాకముందే రంగస్థలం మీద హాస్యపాత్ర అయ్యాడు. ఇంగ్లండులో షెరిడన్ 1779లో ప్రదర్శించిన 'ది క్రిటిక్' ప్రహసనంలో నాటకాల పిచ్చి పట్టిన పెద్దమనిషి, ఏదీ మెచ్చని ఈసడింపురాయుడు, పత్రికల్లో పొగడ్తలు పుట్టించడమే వృత్తిగా పెట్టుకున్న రచయిత కలిసి ఒక విషాద నాటకం రిహార్సలు చూడటానికి కూర్చుంటారు. అక్కడ నవ్వు వాళ్ళ మాటల నుంచీ వాలకాల నుంచీ పుడుతుంది. నవలకు అంతకంటే లోతైన అవకాశం ఉంది. చప్పట్లు కొడుతున్న మనిషి అదే క్షణంలో లోపల ఏమనుకుంటున్నాడో అది వినిపించగలదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన విల్‌ఫ్రిడ్ షీడ్ 1970లో ప్రచురించిన 'మాక్స్ జేమిసన్' ఈ అవకాశాన్ని చక్కగా వాడుకున్న నవల. న్యూయార్క్ నాటక విమర్శకుడొకడు ప్రదర్శనలను తూచీ తూచీ చివరికి ఆ తక్కెడను ఇంట్లో కూడా కింద పెట్టలేని స్థితికి వస్తాడు. తన జీవితాన్నే సమీక్షించుకోవడం మొదలుపెడతాడు. షీడ్ స్వయంగా నాటక విమర్శ రాసినవాడు కాబట్టి ఆ అలసటను బయటి నుంచి ఊహించి రాయవలసిన అవసరం ఆయనకు రాలేదు.

ఈ తరహా నవలలో నవ్వు పుట్టే తీరును కాస్త ఆగి గమనించాలి. తీర్పు చెప్పడం ఒక పనిగా మొదలై అలవాటుగా మారుతుంది. తరవాత ఆ అలవాటే మనిషిని నడిపిస్తుంది. విమర్శకుడు పెళ్ళికి వెళ్తే పురోహితుడి వాచికం, అంటే మాట పలికే తీరు, బాగుందనుకుంటాడు. ఆసుపత్రిలో చుట్టాన్ని చూడటానికి వెళ్తే, అక్కడ ఏడుస్తున్నవాళ్ళలో ఎవరి ఏడుపు సహజంగా ఉందో ఎవరిది కాస్త ఎక్కువైందో లెక్కకడతాడు. అలా లెక్కకట్టినందుకు సిగ్గుపడతాడు. మరుక్షణంలో ఆ సిగ్గు కూడా నిజమైనదా, నటనా అని పరీక్షించుకుంటాడు. ఈ మూడో మెట్టు దగ్గరే హాస్యం పండుతుంది. మొదటి రెండు మెట్లూ ఒక జోక్‌గా ఎవరైనా చెప్పగలరు. మూడో మెట్టుకు పాత్ర కావాలి, ఆ పాత్రకు చాలా పేజీల బతుకు కావాలి. ఈ వస్తువు కథలో ఇమడక నవలను కోరుకోవడానికి కారణం అదే.

తెలుగు హాస్య నవల ఇంతవరకు నడిచిన దారి దీనికి దాదాపు ఎదురు దిక్కున ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టరు పార్వతీశం మొగల్తూరు నుంచి లండను వెళ్తూ అడుగడుగునా పాఠకుడిని నవ్వించేది తనకు లోకం తెలియకపోవడం వల్ల. చిలకమర్తి లక్ష్మీనరసింహం సృష్టించిన గణపతి మొండితనం వల్ల, సోమరితనం వల్ల నవ్విస్తాడు. ఇద్దరి విషయంలోనూ పాఠకుడికి పాత్రకంటే ఒక పిసరు ఎక్కువ తెలుసు. విమర్శకుడి విషయంలో ఇది తలకిందులవుతుంది, ఎందుకంటే అతనికి పాఠకుడికంటే ఎక్కువ తెలుసు, ఆ ఎక్కువ తెలియడమే అతని అవస్థ. తెర లేచిన రెండు నిమిషాల్లో చివరి దృశ్యం ఏమిటో పసిగట్టగలిగిన మనిషి ఇంకో యాభై ఎనిమిది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. మునిమాణిక్యం కాంతం కథల్లో దీనికి ఒక దగ్గరి బంధువు దొరుకుతుంది. అక్కడ భార్యను వ్యాఖ్యానించబోయిన భర్త ప్రతిసారీ తానే వ్యాఖ్యానానికి గురవుతాడు. కానీ ఆయన వృత్తిరీత్యా విమర్శకుడు కాడు, ఆయన ఓటమి ఇంటి గడప దాటదు.

అయితే న్యూయార్క్ విమర్శకుడిని తెచ్చి, పేరు మార్చి, తెలుగు చొక్కా తొడిగితే తెలుగు నవల కాదు. అక్కడి విమర్శకుడి అధికారానికి ఒక ఆర్థిక పునాది ఉంది. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో ఒక నాటకం సాధారణంగా వారానికి 8 ప్రదర్శనల చొప్పున, టికెట్లు అమ్ముడుపోయినంత కాలం అదే హాలులో ఆడుతుంది. నాటకం మొదలవుతూనే పత్రికలో వచ్చే సమీక్ష ఆ అమ్మకాన్ని పెంచగలదు, కొన్నిసార్లు నాటకాన్ని ఆ వారంలోనే మూయించగలదు. తెలుగు నాటకానికి ఆ ఏర్పాటు లేదు. ఒక నాటక సమాజం ఒక నాటికను తయారు చేసుకుని ఊరూరా జరిగే పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, తీసుకువెళ్తుంది. చాలాచోట్ల ప్రవేశం ఉచితం. పత్రికలో సమీక్ష వచ్చే సమయానికి సెట్టు సామాను లారీ ఎక్కి వేరే ఊరికి బయలుదేరి ఉంటుంది. సమీక్ష చదివి టికెట్టు కొనేవాడు లేనప్పుడు సమీక్షకుడికి భయపడేవాడూ ఉండడు.

ఇక్కడ అధికారం ఉన్నది పరిషత్తు న్యాయనిర్ణేతకు. తెనాలిలో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన తరవాత క్రమంగా తెలుగు నాటకం పోటీ చుట్టూ తిరగడం అలవాటు చేసుకుంది. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు మొదలుపెట్టాక ఆ అలవాటు మరింత గట్టిపడింది. ఉత్తమ ప్రదర్శన, రచన, దర్శకత్వం, నటుడు, నటి, హాస్యనటుడు, ప్రతినాయకుడు, ఆహార్యం (వేషధారణ), రంగాలంకరణ అంటూ సాగే బహుమతుల పట్టిక మీద సమాజాల పరువు, ఆ తరవాతి ఆహ్వానాలు, ఒక్కోసారి నాటిక ఆయుష్షు కూడా ఆధారపడతాయి. కాబట్టి తెలుగులో అలసిన నాటక విమర్శకుడి నవల రావాలంటే, పత్రికాఫీసులో కూర్చున్నవాడికంటే పరిషత్తు ముందు వరసలో కూర్చున్నవాడే దానికి సరైన నాయకుడు.

ఆ నవలకు విశాఖపట్నం సహజమైన ఊరు. గురజాడ పుట్టింది ఈ జిల్లా పాత సరిహద్దుల్లోని రాయవరంలో. కన్యాశుల్కం తొలిసారి ఆడింది పక్కనే విజయనగరంలో, 1892లో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారుగా పనిచేసిన కె.వి. గోపాలస్వామి, గ్రంథాలయాధికారిగా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు కొత్త నాటకానికి ఇక్కడ ఒక తరాన్ని తయారు చేశారు. విశ్వవిద్యాలయం ఓపెన్ ఎయిర్ థియేటర్, రంగస్థల కళల శాఖ ఆ వారసత్వాన్ని కనబడేలా నిలిపినవి. వీటికి మించి ఈ ఊరి నాటకానికి వెన్నెముక ఉద్యోగులు. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, ఉక్కు కర్మాగారం, బ్యాంకులు: ఈ సంస్థల్లో పనిచేసేవాళ్ళే సాయంత్రం రిహార్సలుకు వచ్చి రాత్రి నటులవుతారు. రిహార్సలు ఎప్పుడన్నది దర్శకుడు తేల్చలేడు, డ్యూటీ చార్టు తేలుస్తుంది. బి షిఫ్టు పడిన కథానాయకుడు ప్రదర్శన రోజున ఎవరితో డ్యూటీ మార్చుకోవాలా అని వెతుక్కోవడం నాటికలోని సంఘర్షణకంటే పెద్ద సంఘర్షణ అవుతుంది. అందువల్ల విశాఖ విమర్శకుడు కూడా ఉద్యోగి అయివుండాలి. పగలు పోర్టు ఆఫీసులో బిల్లులు సరిచూసే గుమాస్తా, సాయంత్రం కళాభారతి ఆడిటోరియంలోనో పోర్టు కళావాణి ఆడిటోరియంలోనో మార్కులు వేసే పెద్దమనిషి. పై అధికారి ముందు నోరెత్తలేనివాడు, అదే అధికారి రాత్రి దుర్యోధన వేషం వేసుకుని వస్తే మూడు మార్కులు కోయగలడు. మర్నాడు ఉదయం పది గంటలకు ఆఫీసులో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడాలి. ఈ ఊరి నాటకరంగం కట్టిన తీరులోనే ఆ హాస్యం సిద్ధంగా ఉంది.

న్యాయనిర్ణేత బల్లను దగ్గర నుంచి చూస్తే నవలకు కావలసిన సామగ్రి ఎంత ఉందో తెలుస్తుంది. ముందు వరస మధ్యలో తెల్ల గుడ్డ కప్పిన పొడుగాటి బల్ల, దాని మీద చీకట్లో రాసుకోవడానికి చిన్న దీపం, మూడు మంచినీళ్ళ సీసాలు, అట్టకు క్లిప్పు పెట్టిన మార్కుల కాగితాలు ఉంటాయి. కాగితం మీద నిలువు గళ్ళలో నటుల పేర్లు, అడ్డ గళ్ళలో ఆంగికం (దేహ కదలికలు), వాచికం, ఆహార్యం, సాత్త్వికం (లోపలి భావం బయటపడే తీరు). ఆరు గంటలకన్నది ఏడు దాటినా మొదలు కాదు. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు, ఇద్దరు ముగ్గురి ప్రసంగాలు అయ్యాక మొదటి నాటిక తెర లేస్తుంది. ఆ దీపం వెలుగు వేదిక మీది నటుడికి కనిపిస్తుంది. విమర్శకుడు తల వంచి ఏదో రాస్తున్నాడంటే నటుడి గొంతు మారిపోతుంది, ఒక్కోసారి మరిచిపోని మాట కూడా మరిచిపోతాడు. అనుభవమున్న న్యాయనిర్ణేత అందుకే కళ్ళు పైకే పెట్టి చేత్తో చూడకుండా రాయడం నేర్చుకుంటాడు. ఇంటికెళ్ళాక ఆ రాతలో సగం తనకే అర్థం కాదు. రెండు నాటికల మధ్య తెర వెనక మేకులు కొడుతున్న చప్పుడు, 'దయచేసి ఎవరూ వెళ్ళవద్దు, మరి కొద్ది నిమిషాల్లో' అన్న మైకు ప్రకటన, పేపరు గ్లాసులో టీ. రాత్రి పదకొండు దాటాక మూడో నాటిక. గాజువాక చివరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఈ అలసట వెన్నుకు, కళ్ళకు, మోకాళ్ళకు సంబంధించినదని నవల మొదట ఒప్పించగలగాలి. అప్పుడే దాని వెనకనున్న రెండో అలసటను పాఠకుడు నమ్ముతాడు.

ఆ రెండో అలసట పునరుక్తి నుంచి వస్తుంది. ఒక వస్తువుకు బహుమతి వస్తే ఆ వస్తువు మరుసటి సంవత్సరం నాలుగు నాటికలవుతుంది. అమెరికాలో కొడుకు, వృద్ధాశ్రమంలో తల్లిదండ్రులు, చివరి దృశ్యంలో ఆలస్యంగా వచ్చిన ఫోను, వెనక నుంచి వయొలిన్: ఈ చట్రాన్ని ఎన్ని సమాజాలు ఎన్నిసార్లు మోశాయో పరిషత్తులకు వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. ఆ బాధ అబద్ధం కాదన్నది ఇక్కడ కీలకం. విశాఖలో ఎన్నో ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇద్దరే ఉంటున్నారు, పిల్లలు నిజంగానే సముద్రాలు దాటి ఉన్నారు. నిజమైన బాధ అరిగిపోయిన చట్రంలో వచ్చినప్పుడు విమర్శకుడు దేనికి మార్కులు వెయ్యాలి? ఒకే రాత్రి మూడు వృద్ధాశ్రమాలు చూసిన న్యాయనిర్ణేత, మొదటి దానికి చిరాకుపడి, రెండో దానికి కునికి, మూడో దానికి తనకు తెలియకుండానే కన్నీళ్ళు పెట్టుకుంటే, అది నవల మలుపు కావచ్చు. కాగితం మీద ఆ నాటికకు అతను వేసిన మార్కులు తక్కువే. కన్నీళ్ళు మాత్రం పక్కనున్న ఇద్దరు న్యాయనిర్ణేతలూ చూశారు.

విమర్శకుడి అలసటలో జ్ఞాపకానికీ పెద్ద పాలు ఉంది. రంగస్థల మహానటులు బళ్ళారి రాఘవ 1946లో, స్థానం నరసింహారావు 1971లో కన్నుమూశారు. ఇవాళ్టి న్యాయనిర్ణేతల్లో చాలామంది వాళ్ళను వేదిక మీద చూసివుండరు. అయినా ముగింపు సభ ప్రసంగాల్లో ఆ పేర్లు తప్పకుండా వస్తాయి. గురువుల నోటి వెంట, తండ్రుల నోటి వెంట విని విని, చూడని నటన ఒక కొలబద్ద అయిపోయింది. రంగస్థల నటన నటుడితోనే పోతుంది కాబట్టి ఆ కొలబద్దను ఎవరూ సరిచూడలేరు. ఎంత బాగా చేసిన యువనటుడైనా వినికిడిగా తెలిసిన ఆ స్థానం నరసింహారావు ముందు పొట్టివాడే. ఇది విమర్శకుడి దుర్మార్గం కాదు. తన ముందు తరం తనకిచ్చిన ఆస్తిని కాపాడుకుంటున్నానని అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే దానివల్ల ఎదుటి నటుడికి జరిగే అన్యాయాన్ని చూపించడం నవలాకారుడికి మంచి పరీక్ష.

పద్యనాటకం దగ్గరికి వచ్చేసరికి హాస్యానికి కొత్తగా కల్పించవలసిన పనే ఉండదు. చచ్చిపడిన పాత్ర 'వన్స్ మోర్' కేకలకు లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవడం తెలుగు రంగస్థల చరిత్రలో అందరూ చెప్పుకునే ముచ్చట. పేరున్న నటులను ఒక్క రాత్రికి కూర్చి ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు వేరువేరు నటులు. రాయబారం దృశ్యానికి వచ్చేసరికి కృష్ణుడి ఎత్తు, గొంతు, వయసు అన్నీ మారిపోతాయి, ప్రేక్షకులు ఏ ఇబ్బందీ పడరు. నేటి వాస్తవిక నాటకపు కొలతలతో చూస్తే ఇదంతా తప్పు. కానీ జనం అక్కడికి వచ్చింది పాత్ర కోసం కాదు, ఫలానా నటుడు ఫలానా రాగం ఎత్తుకునే తీరు కోసం. ఇక్కడ ఓడిపోయేది ప్రేక్షకుడు కాడు, విమర్శకుడి మార్కుల కాగితం. ఆంగికం, వాచికం అని గీసుకున్న గళ్ళలో ఆలాపన ఎక్కడ వేయాలో అతనికి తోచదు. పద్యనాటకానికి ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వడం అవసరం, ఎందుకంటే తన విద్య చెల్లని చోట విమర్శకుడు ఎలా ఉంటాడో అక్కడ మాత్రమే తెలుస్తుంది.

పత్రికా సమీక్ష సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. అది చాలావరకు జిల్లా పేజీ వార్తగా కుదించుకుపోయింది. జ్యోతి వెలిగించినవారి పేర్లకు సరిపోయిన చోటు నటుల పేర్లకు సరిపోదు. మిగిలిన రెండు వాక్యాల్లో నాటిక ఆద్యంతం ఆకట్టుకుంటుంది, నటీనటులు పాత్రల్లో ఒదిగిపోతారు. న్యాయనిర్ణేతగా కఠినంగా మార్కులు కోసిన మనిషే మర్నాడు పత్రికకు ఆ రెండు వాక్యాలు రాసి పంపుతాడు. నటుల భార్యాపిల్లలు ఆ ముక్క కత్తిరించి దాచుకుంటారని అతనికి తెలుసు. ఈ రెండు రాతల మధ్య దూరంలో ఒక దయ ఉంది. దాన్ని కపటమని కొట్టిపారేసే నవల ఈ లోకాన్ని సగమే చూసినట్టు.

అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. తెలుగు నాటకం దాదాపు పూర్తిగా ఔత్సాహికుల శ్రమ మీద నడుస్తోంది. సొంత జేబులోంచి లారీ కిరాయి కట్టుకుని, సెలవు పెట్టుకుని, ఊరు కాని ఊళ్ళో కల్యాణమండపంలో పడుకుని ఆడేవాళ్ళను చూసి పైనుంచి నవ్వే పుస్తకం చదవడానికి కూడా మనసు రాదు. బ్రాడ్‌వేలో కోట్లు పెట్టి చెడ్డ నాటకం తీసినవాడిని వెక్కిరించడానికీ, కంచరపాలెంలో జీతం డబ్బుతో చెడ్డ నాటిక ఆడినవాడిని వెక్కిరించడానికీ చాలా తేడా ఉంది. పాశ్చాత్య నమూనాను యథాతథంగా అనుకరిస్తే ఈ తేడా తప్పిపోతుంది. నవ్వు బాణం ఎప్పుడూ బల్ల వెనక కూర్చున్నవాడి వైపే తిరిగి ఉండాలి.

దీనికి పాఠం వెతుక్కుంటూ దూరం వెళ్ళనక్కర్లేదు. గురజాడ గిరీశాన్ని ఎంత బయటపెట్టినా అతని మీద పాఠకుడికి అసహ్యం పుట్టనివ్వలేదు, నాటకం ముగిశాక కూడా అతని మాటలే జనం నోట నిలిచాయి. విశాఖలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి కోర్టును, పోలీసును, సారా వ్యాపారాన్ని ఎంత పదునుగా కోసినా, ఆ కోతలో బీదవాడి వేలికి గాయం కాకుండా చూసుకున్నాడు. 'అల్పజీవి' సుబ్బయ్య పిరికితనాన్ని ఆయన దాచిపెట్టలేదు, కానీ ఆ పిరికితనం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాడు. న్యాయనిర్ణేత అయిన గుమాస్తా సుబ్బయ్యకు దూరపు చుట్టమే. మార్కులు వేసేటప్పుడు మాత్రమే భయం లేని మనిషి అతను. ఆ కాస్త ధైర్యం కూడా పోతే ఏమవుతుందన్న ప్రశ్న నవలను చివరిదాకా లాక్కెళ్ళగలదు.

కథనం ఎవరి గొంతుతో నడవాలన్నది దీనితో ముడిపడిన సమస్య. విమర్శకుడే 'నేను' అని చెప్పుకుంటే తీర్పుల్లో చమత్కారం బాగా పండుతుంది, కానీ అతను చూడలేనిది పాఠకుడికీ కనిపించదు. పూర్తిగా బయటి నుంచి చెబితే లోపలి తీర్పు వినిపించదు. పాత్ర ఆలోచనను దాని మాటల్లోనే, ప్రథమపురుషలో చెప్పే పద్ధతి ఇక్కడ బాగా కుదురుతుంది. భాషలో కూడా రెండు పొరలు కావాలి. అతను మార్కుల కాగితం మీద గ్రాంథికానికి దగ్గరగా, అలంకారశాస్త్రం మాటలతో రాస్తాడు. ఇంటికి వచ్చాక ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాడు. 'ఏటయిందండీ, ఇవాళెవరిని చంపేసీసారు?' అని భార్య అడిగితే, నాలుగు గంటల రససిద్ధాంతం ఒక్కసారిగా నేల మీదికి దిగుతుంది. ఆమె నాటకాలు చూడటం ఎప్పుడో మానేసి ఉండాలి. కానీ అతని తీర్పులను ముఖం చూసి చెప్పగలగాలి.

ఇవన్నీ కుదిరాక కూడా నవలకు ఒక పెద్ద పని మిగులుతుంది. అందులో ఒక్క మంచి ప్రదర్శనైనా ఉండాలి, అది మంచిదని పాఠకుడు తన కళ్ళతో చూసినట్టు నమ్మాలి. చెడ్డ నాటికను వర్ణించడం తేలిక, దాని లోపాలే వాక్యాలను అందిస్తాయి. మంచి నటనను హాస్య వచనంలో చెప్పబోతే విశేషణాలు వచ్చి అడ్డం పడతాయి. అద్భుతం, అపూర్వం అన్న మరుక్షణం అది జిల్లా పేజీ వార్త అవుతుంది. దానికి దారి సూక్ష్మంగా చూడటమే. ఉదాహరణకు, ఓ మామూలు నాటికలో నౌకరు వేషం వేసిన షిప్‌యార్డు వెల్డరు, యజమాని కొడుకు చావువార్త ఫోనులో వింటుండగా, చేతిలోని కాఫీ గ్లాసును ఎక్కడ పెట్టాలో తెలియక మొదట బల్ల వైపు, తరవాత కిటికీ వైపు చూసి, చివరికి తానే పట్టుకుని నిలబడిపోవచ్చు. అతనికి ఆ దృశ్యంలో ఒక్క మాటా లేదు. వాచికం గడి ఖాళీ. సెట్టు నాసిరకం, రచన అరిగిపోయింది, నాటిక గెలవదు. ఉత్తమ సహాయనటుడి బహుమతికి మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతల దగ్గర మరో పేరుంది. ఆ పేరున్న నటుడే గుమాస్తా పై అధికారి. ఫలితాలు ప్రకటించడానికి అరగంట టైముంది. బయట మైకులో ముఖ్య అతిథి ప్రసంగం మొదలైంది. ఆ అరగంటను నవలాకారుడు ఎన్ని పేజీలు రాసినా ఎక్కువ కాదు.